తప్పు లూకాదే

లూకా సారీ చెప్పకుండా ఒక్క గంట గడిపిన దాఖలా సికింద్రాబాదులో లేదు. ఎవరైనా ఆయన కాలు తొక్కితే, కాలు అక్కడ పెట్టినందుకు సారీ చెప్తాడు. గుమ్మానికి తల కొట్టుకుంటే గుమ్మానికి చెప్తాడు. ఏటీఎంలో నోట్లు లేవని తెర మీద పడితే వెనక్కి తిరిగి వరసలో ఉన్నవాళ్లందరికీ చెప్తాడు, తనే పొద్దున్నే వచ్చి ఖాళీ చేసి వెళ్లినట్టు. ఒకసారి చిలకలగూడ చౌరస్తాలో ఒక స్కూటరాయన రాంగ్ రూటులో వచ్చి ఆయన్ని గుద్దాడు. గుద్దినవాడు లేచి, దులుపుకొని, తిట్టడానికి నోరు తెరిచే లోపలే లూకా రోడ్డు మీద కూర్చునే, "సారీ అండీ, మీకేం తగల్లేదు కదా" అన్నాడు. న్యాయం తన వైపే ఉందని ఆ స్కూటరాయన ఇప్పటికీ నమ్ముతున్నాడు.

చర్చిలో దీన్ని దీనమనస్సు అంటారు. ఒక ఆదివారం పాస్టరు గారు ప్రసంగంలో లూకా పేరెత్తి మెచ్చుకున్నారు కూడా. దానికి లూకా లేచి నిలబడి సారీ చెప్పాడు. కల్పలత మాత్రం దాన్ని జబ్బు అనేది. అనడానికి ఆమెకు హక్కుంది. రోజుకు ఎనిమిది గంటలు ఆయన ఎదుట కూర్చునేది ఆమె, పాస్టరు గారు కాదు.

కల్పలత తొమ్మిదేళ్లు ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం చేసింది. ఎవరో తయారుచేసే వీడియో గేములకు తుపాకులు గీయడం ఆమె పని. నాలుగు వందల తుపాకులు గీశాక, ఐదు వందలు పూర్తి చేస్తే తననే కాల్చుకుంటానేమోనని భయం వేసి రాజీనామా ఇచ్చింది. బోయిగూడలో కమలాబాయి పిండిగిర్నీ మీద రెండు గదులు తీసుకొని సొంతంగా గేములు తయారుచేయడం షురూ చేసింది. కోడు రాయడానికి తిరుమల్ ఉన్నాడు. కింద గిర్నీ తిరిగినప్పుడల్లా పైన కీబోర్డులు వాటంతటవే వణికేవి. మిర్చి పట్టే రోజున ఇద్దరూ తుమ్ముతూ పనిచేసేవాళ్లు.

మొదటి గేము యుద్ధం. రెండోది కార్ల పందెం. రెండూ మునిగాయి. మునగడం ఒక ఎత్తు, జనం తిట్టిన తిట్లకు కల్పలత జవాబులివ్వడం ఇంకో ఎత్తు. ఒకాయన "చెత్త గేమ్" అని రాస్తే, "మీ చేతులు బాగుంటే కదా" అని రాసింది. ఇంకొకావిడ "అర్థం కాలేదు" అంటే, "తెలుస్తూనే ఉంది" అంది.

తిరుమల్ చూసి చూసి ఒకరోజు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మేడం, మీరు జవాబులు రాయొద్దు. మా గల్లీల ఒక సార్ ఉన్నడు. ప్రెషర్ కుక్కర్ల కంపెనీల ఇరవై రెండేండ్లు ఫిర్యాదుల సీట్ల కూసున్నడు. ఇప్పుడు ఖాళీగ ఉన్నడు. పిలుస్త."

మర్నాడు లూకా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, యాభై నాలుగేళ్ల వయసు. మెట్లు ఎక్కేటప్పుడు చప్పుడైనందుకు సారీ చెప్పి కూర్చున్నాడు.

"గేములు ఆడతారా?" అంది కల్పలత.

"సారీ అమ్మా, ఆడను."

"కంప్యూటర్ వచ్చా?"

"ఒక వేలితో వస్తది. సారీ."

"మరి మీకు ఏం వచ్చు?"

లూకా కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "తిట్లు పడటం వచ్చమ్మా."

ఆ పూటే చేర్చుకుంది. వారం తిరిగేసరికి, "మీ గేమ్ తగలబెట్టండి" అని రాసినవాళ్లే "ఆరోగ్యం ఎలా ఉంది సార్" అని రాయడం మొదలుపెట్టారు. గేము మాత్రం ఎవరూ ఆడలేదు.

మూడో గేము పేరు 'ఆరు గ్లాసులు'. తుకారాం అనే మీసాల మనిషి తీగల స్టాండులో ఆరు గ్లాసుల చాయ్ పెట్టుకొని హోటల్ నుంచి దుకాణాలకు అందించాలి. ఫోను అటూ ఇటూ వంచితే తుకారాం అటూ ఇటూ నడుస్తాడు. దారిలో మెట్లు, కుక్కలు, వాకిట్లో ముగ్గులు, వెనక చూసుకోకుండా స్కూటరు వెనక్కి తీసే ఆంటీలు. గ్లాసు జారిందా, పగిలిందే. తుకారాం మీసం, ఆ గల్లీ ఎండ, స్టాండు ఊగితే చాయ్ ఊగడం, అన్నీ కల్పలత ప్రాణం పెట్టి గీసింది. తుపాకులు గీసిన చేతికి చాయ్ గ్లాసులు దొరికితే ఎంత ముచ్చటపడుతుందో ఆ బొమ్మల్లో కనిపించేది.

బెంగళూరులో ఇలాంటి గేములను దేశమంతా అమ్మిపెట్టే సంస్థ ఒకటి ఉంది. దాని తరఫున కామరాజు అనే పెద్దమనిషి గేము చూసి ఒకే ఒక షరతు పెట్టాడు.

"ఒక వారం పాటు మీ జంటనగరాల్లో మాత్రమే విడుదల చేద్దాం మేడం. ఇవాళ ఆడిన వందమందిలో నలభైమంది రేపు మళ్లీ ఆడాలి. ఏడో రోజుకు ఆ నలభై కనిపిస్తే సంతకం చేస్తాను. లేకపోతే నమస్కారం."

నమస్కారమంటే ఏమిటో కల్పలతకు తెలుసు. పాత కంపెనీలో ఆమె కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. పాత మేనేజరు ప్రతి పండక్కీ శుభాకాంక్షలతో పాటు ఆ కుర్చీ ఫొటో పంపుతున్నాడు. ఈ గేము పోతే ఐదు వందలో తుపాకీ దాకా వెళ్లాల్సిందే.

విడుదలకు ముందు, దొరికిన మనిషినల్లా పట్టుకొచ్చి ఆడించి చూశారు. కొరియరు అతను, మేడ మీద పంతులమ్మ, కింద పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు. వందలో పదకొండు మంది కూడా మర్నాడు రావడం లేదు. రోగం ఎక్కడుందో కూడా తెలుస్తూనే ఉంది. మూడో గ్లాసు పగలగానే జనం ఫోను కింద పెట్టి, "మాకు రాదులెండి" అని లేచిపోతున్నారు.

ఆ పరీక్షలకు కల్పలత పెట్టిన నియమం ఒక్కటే. ఆడేవాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు. ఈ నియమాన్ని లూకా రోజుకు ఇరవైసార్లు ఉల్లంఘించేవాడు.

కమలాబాయి వచ్చిన రోజు సంగతి చెప్పాలి. అరవై దాటిన మనిషి. గిర్నీ ముందు నిలబడి ఆమె కేకేస్తే బస్టాపులో మనుషులు కూడా వరసలో నిలబడతారు. చేతులకు పిండితోనే ఫోను తీసుకుంది. మూడు నిమిషాల్లో మూడు గ్లాసులు పగలగొట్టింది. ముఖం ఎర్రబడింది.

"నాకు రాదు బిడ్డా. నీ ఫోన్ల ఏదో గడ్‌బడ్ ఉన్నది," అని లేవబోయింది.

"సారీ అక్కా," అన్నాడు గోడవార నిలబడ్డ లూకా. "ఆ మెట్టు మేమే ఎత్తుగ కట్టినం. నడిచేటోళ్లను అడిగి కట్టాల్సింది."

కమలాబాయి మళ్లీ కూర్చుంది. "నేనన్లే? మెట్టు గట్లుంటదా ఎక్కడన్న?"

"సారీ అక్కా. ఆ కుక్కను సుత మేమే అడ్డం పండబెట్టినం."

"పండబెడితే పండబెట్టిండ్రు. జరుగు, ఎల్తురు రానియ్," అంటూ నలభై నిమిషాలు ఆడింది. కింద గిర్నీ ఆగిపోయింది. డబ్బాలు పట్టుకున్న జనం మెట్ల దాకా వచ్చారు. వాళ్లకు లూకా విడివిడిగా సారీ చెప్పుకుంటూ కిందికి దిగాడు.

కల్పలతకు ఒళ్లు మండింది. "లూకా గారూ, మీరు పరీక్ష పాడు చేస్తున్నారు. రేపటి నుంచి జనం ఆడేటప్పుడు మీరు మెట్ల మీద కూర్చోండి."

"సారీ అమ్మా," అని లూకా మెట్ల మీద కూర్చున్నాడు.

తర్వాతి నాలుగు రోజులు కల్పలత రంగులు మార్చింది, సంగీతం మార్చింది, తుకారాం మీసం కూడా కొంచెం కత్తిరించింది. ఏం చేసినా జనం నాలుగు నిమిషాలకే లేచిపోతున్నారు. ఐదో రోజు తిరుమల్ తన పట్టిక ఆమె ముందు పెట్టాడు.

"మేడం, ఒక్కసారి చూడండి. లూకా సార్ రూంల ఉన్న రోజులల్ల ఒక్కొక్కరు ముప్పై, నలభై నిమిషాలు ఆడిండ్రు. ఆయన్ను మెట్ల మీద కూసోబెట్టినంక నాలుగు."

కల్పలత పట్టిక చూసింది. కిటికీలోంచి మెట్ల మీద లూకా వీపు చూసింది. మళ్లీ పట్టిక చూసింది.

"అంటే ఏంది తిరుమల్? ఫోన్‌తో పాటు ఈయన్ని కూడా అమ్మాలా?"

అని, తనన్న మాట తానే విని, నోటి మీద చెయ్యి వేసుకుంది.

కల్పలత ఎరిగిన గేములన్నీ ఓడినవాణ్ణి రెండు రకాలుగానే చూస్తాయి. వెక్కిరించడం ఒకటి, వాడి ముఖాన ప్రకటన కొట్టడం ఒకటి. ఓడినవాణ్ణి క్షమాపణ అడిగే గేము ఎక్కడా లేదు. ఎందుకు లేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. గేములు తయారుచేసేవాళ్లందరూ తనలాంటి మనుషులు.

గిర్నీకి సెలవు చూసి లూకా గొంతు రికార్డు చేశారు. కల్పలత పాతిక సారీలు చాలనుకుంది. లూకా దగ్గర రెండు వందల పన్నెండు తేలాయి. ఏ గ్లాసు ఎక్కడ పగిలిందో దాన్నిబట్టి వేరు వేరు సారీ. "సారీ అండీ, ఆంటీ స్కూటర్ వెనక్కి తీస్తదని మాకు ముందే తెలుసు. మీకు చెప్పాల్సింది." "సారీ అండీ, ఆ ముగ్గు తొక్కొద్దని మీరు పక్కకు జరిగారు. మర్యాదకు పోయి గ్లాసు పోగొట్టుకున్నారు. నష్టం మాది." "సారీ అండీ, ఈ తుకారాం నిన్న నిద్రపోలేదు."

నూట యాభయ్యో సారీ దగ్గర లూకా ఆగిపోయాడు.

"ఒక డౌటమ్మా. సారీ చెప్పినంక ఆ మెట్టు ఏం చేస్తారు?"

"ఏం చెయ్యాలి? మెట్టు మెట్టే."

"మెట్టు ఎత్తు మా తప్పేనని చెప్పి, మళ్లీ వచ్చేసరికి మెట్టు అంతే ఎత్తు ఉంటే అది అబద్ధం కదమ్మా. సారీ, నేను అబద్ధం చెప్పలేను."

కల్పలత ఏదో అనబోయింది. తిరుమల్ అప్పటికే కీబోర్డు దగ్గరికి వెళ్లాడు. సాయంత్రానికల్లా గేము మారిపోయింది. ఒకే మెట్టు దగ్గర రెండుసార్లు గ్లాసు పగిలితే, లూకా సారీ చెప్తాడు, ఆ మెట్టు వేలెడు కిందికి దిగుతుంది. కుక్క కొంచెం పక్కకు జరిగి పడుకుంటుంది. ఆడేవాడికి ఎవరో జాలిపడి సాయం చేసినట్టు ఉండదు. రోడ్లు బాగుచేయాల్సిన బల్దియా వాళ్లు ఇన్నాళ్లకు మాట విన్నట్టు ఉంటుంది. ఆ సుఖం ఈ నగరంలో ఎవరికి మాత్రం చేదు?

సోమవారం జంటనగరాల్లో గేము విడుదలైంది. మంగళవారం నాటికి వందలో ముప్పై నాలుగు మంది మళ్లీ వచ్చారు. బుధవారం ముప్పై ఆరు. గురువారం ముప్పై ఎనిమిది. కాప్రా చెరువు గట్టు మీద నడకకు వచ్చిన పెద్దలు నడక మానేసి బెంచీల మీద కూర్చొని ఆడుతున్నారని కబురొచ్చింది. శుక్రవారం ముప్పై తొమ్మిది. ఇంకా ఒక్కరు చాలు. ఆదివారం పొద్దున కామరాజు వస్తాడు.

శనివారం మధ్యాహ్నం తిరుమల్ భోజనానికి వెళ్లాడు. పెళ్లి బరాత్ మధ్యలోంచి గ్లాసులు దాటించే కొత్త గల్లీ ఒకటి సిద్ధంగా ఉంది. ఏ మార్పునైనా ముందు ఒక్క ఫోనులో చూసుకొని ఆ తర్వాతే అందరికీ పంపాలని తిరుమల్ గోడకు కాయితం అంటించాడు. కల్పలత ఆ కాయితం చదివింది. పద్దెనిమిది వేల మంది తన బరాత్ కోసం ఎదురుచూస్తుంటే ఒక్క ఫోను కోసం ఆగడమేమిటనుకుంది. బటన్ నొక్కింది.

గల్లీ వెళ్లింది. వెళ్తూ వెళ్తూ అందరి ఆటా తుడిచిపెట్టేసింది. డెబ్బయ్యో గల్లీ చేరినవాళ్లూ, తొంభయ్యో గల్లీలో ఆరు గ్లాసులూ దాటించినవాళ్లూ, పద్దెనిమిది వేల మంది ఒక్క దెబ్బతో మొదటి హోటల్ ముందు నిలబడ్డారు. తిరుమల్ చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చి చూశాడు. పోయిందంతా పోయినట్టే, వెనక్కి రాదన్నాడు.

ఇంతలో బెంగళూరు నుంచి ఫోను. కల్పలత స్పీకరు పెట్టింది. కింద గిర్నీ గడగడలాడుతోంది.

"ఏమిటండీ ఇది? ఎవరు నొక్కారు?" అన్నాడు కామరాజు.

కల్పలత నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. తొమ్మిదేళ్ల ఉద్యోగం, రెండు మునిగిన గేములు, ఖాళీ కుర్చీ ఫొటో, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"సారీ సార్," అన్నాడు లూకా ఫోను మీదికి వంగి. "నా వేలు తగిలింది."

అటువైపు కామరాజు ఒక నిట్టూర్పు విడిచి, "రేపు వచ్చి మాట్లాడతాను," అని పెట్టేశాడు.

తిరుమల్ లూకా వైపు చూశాడు. ఆ కంప్యూటరు తెరవడానికి పాస్‌వర్డు లూకాకు తెలియదు. తెలిసినా ఆయన ఒక వేలితో అది కొట్టేసరికి గిర్నీ కట్టేస్తారు.

"ఎందుకట్ల చెప్పారు?" అంది కల్పలత.

"సారీ అమ్మా. మీరు నోరు తెరిచి చాలాసేపైంది. దవడ నొప్పి పుడతదని."

ఆ తర్వాత ఆయనే మైకు అడిగి తీసుకున్నాడు. గిర్నీ మోతలోనే మాట్లాడాడు. అర్ధరాత్రి దాటాక గేము తెరిచిన ప్రతి ఒక్కరికీ మొదట వినిపించింది ఆ మాటలే: "సారీ అండీ. నా పేరు లూకా. మీరు ఇన్ని రోజులు కష్టపడి దాటించిన గ్లాసులన్నీ నిన్న నేను ఒక్కణ్నే పగలగొట్టిన. మీరు పగలగొట్టినప్పుడల్లా మెట్టు దించినం. ఇప్పుడు నాకు మెట్టు దించేటోళ్లు లేరు. వీలైతే మళ్లీ ఆడండి. కోపముంటే తిట్టండి. నేను ఇక్కడే ఉంట."

ఆదివారం పొద్దున కల్పలత ఒక్కతే ముందుగా ఆఫీసుకు వచ్చింది. అంకెలు తెరిచి చూసే ధైర్యం లేక కూర్చుంది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వచ్చింది లూకా భార్య మేబెల్, ఇంగ్లీషు టీచరు. చర్చికి వెళ్లే చీరలో, చేతిలో టిఫిన్ బాక్సుతో ఉంది.

"ఈయన బాక్సు మర్చిపోయి వచ్చేస్తాడని ముందే తెచ్చేశానమ్మా. పాస్టరు గారికి ఏదో సారీ చెప్పి వస్తానని ఆగాడు." బాక్సు బల్ల మీద పెట్టి, కల్పలత ముఖం పరీక్షగా చూసింది. "ఈసారి ఎవరి తప్పు నెత్తిన వేసుకున్నాడు?"

"మీకెట్ల తెలుసు?"

"రాత్రి హాయిగా నిద్రపోయాడు. నిజంగా తనే చేస్తే పడుకోడు." మేబెల్ కూర్చుంది. "కుక్కర్ల కంపెనీలో ఇరవై రెండేళ్లు ఒక్క ప్రమోషన్ రాలేదు. ఎందుకు వస్తుందమ్మా? ఆఫీసులో అందరి తప్పులూ ఈయన ఫైలులోనే ఉన్నాయి."

"ఆయనకు అలవాటనుకున్నా. ఊరికే అంటారనుకున్నా."

"నేనూ అనుకున్నాను. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆఫీసుకు వెళ్లాను. ఎవరో అమ్మాయి ఫోను చేసింది. కుక్కరు మాడిపోయింది, మూత రావడం లేదు, ఏడుస్తోంది. నీళ్లు పొయ్యడం మర్చిపోయింది, అంతే. ఈయన మొదట అడిగిన మాటేమిటో తెలుసా? 'పక్కన ఎవరైనా ఉన్నారా అమ్మా?' అత్తగారు ఉన్నారంది. 'అయితే స్పీకరు పెట్టండి' అన్నాడు. పెట్టాక గొంతు పెంచి, 'సారీ అండీ, ఆ మూత మా దగ్గరే తేడాగా వచ్చింది, మీ కోడలి తప్పేం లేదు, కొత్తది పంపిస్తాం' అన్నాడు. ఆ కొత్తది మా ఇంట్లోంచి వెళ్లింది. నాకు పెళ్లికి ఇచ్చిన కుక్కరు."

కల్పలత కుర్చీని కంప్యూటర్ వైపు తిప్పింది. తర్వాత అంకెలు తెరిచింది.

వందలో అరవై మూడు.

చూపు చెదిరిందేమోనని తిరుమల్‌ను పిలిచి చదివించింది. అరవై మూడే. పైగా ఆరు వేల మెసేజులు. తిట్లు వెతికితే పన్నెండు దొరికాయి. మిగిలినవన్నీ ఒకే పాట. 'పరవాలేదు అంకుల్.' 'పరేషాన్ కాకండి అంకుల్, మళ్లీ మొదటి నుంచి ఆడుతున్నా.' 'మా ఆఫీసులో నేనూ ఇట్లనే నొక్కిన అంకుల్, ఎవరికీ చెప్పలేదు.' నిన్న మధ్యాహ్నం ఆట మానేసినవాళ్లు కూడా లూకాను ఓదార్చడానికి తిరిగొచ్చారు. వచ్చినవాళ్లు ఊరికే పోతారా, రెండు గ్లాసులు దాటించి పోయారు.

పదకొండింటికి కామరాజు వచ్చాడు. అప్పటికి లూకా కూడా వచ్చి, ఆలస్యమైనందుకు తలుపు దగ్గరే నిలబడ్డాడు. కామరాజు ముఖం వెలిగిపోతోంది.

"నలభై అడిగితే అరవై మూడు ఇచ్చారు మేడం. సంతకం ఇప్పుడే. అన్ని భాషల్లోకీ తీసుకెళ్దాం. రెండే కోరికలు. మొదటిది, లూకా అనే పాత్రను కల్పించి సారీ చెప్పించారే, ఆ గొంతు ఎవరిదో, ఆ కళాకారుణ్ణి సన్మానించాలి. అలాంటి గొంతు నేను వినలేదు. రెండోది, నిన్న వేలు తగిలించినాయన. గిర్నీ మోతలో ఎవరో సరిగా వినపడలేదు. ఎవరైనా సరే, ఆయన్ని పంపించెయ్యండి. ఇంత పెద్ద పనికి అలాంటి వేళ్లు పనికిరావు."

తలుపు దగ్గర లూకా బుద్ధిగా తల ఊపాడు. రెండో కోరిక న్యాయమైనదే అన్నట్టు.

కల్పలత పుట్టి బుద్ధెరిగాక ఏ తప్పూ ఒప్పుకున్న మనిషి కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. సంతకం కాయితాలు బల్ల మీద ఉన్నాయి. ఊరుకుంటే చాలు, గేము తనది. లూకా ఎలాగూ నవ్వుతూ వెళ్తాడు, వెళ్తూ మెట్లకు సారీ చెప్పుకుంటాడు.

"ఆ ఇద్దరూ ఒకరే సార్," అంది. "అదిగో, ఆయన. పైగా ఆ వేలు ఆయనది కాదు. నాది. బటన్ నేను నొక్కిన. నిన్న నోరు రాలేదు."

"సారీ సార్," అంటూ లూకా ముందుకొచ్చాడు. "మేడం గారు మంచితనం కొద్దీ చెప్తున్నారు. వేలు నాదే."

"లూకా గారూ, మీరు ఊకోండి. మీకు పాస్‌వర్డే తెలవదు."

"సారీ అమ్మా. తెలుసుకోకపోవడం నా తప్పే కదా."

తిరుమల్ గొంతు సవరించుకున్నాడు. "సార్, అసలు కథ వేరే. ఆ బటన్‌కు తాళం పెట్టమని మేడం నెల కింద చెప్పిండ్రు. నేను పెట్టలే. కాయితం అంటించి ఊకున్న. కాబట్టి నాది."

గిర్నీకి సెలవైనా పెద్దమనిషిని చూద్దామని పైకొచ్చిన కమలాబాయి గుమ్మంలోంచి అందుకుంది. "ఏందయ్యా లొల్లి? నా మోటర్ తిరుగుడుకు బిల్డింగంత ఊగుతది. ఊగి తాకి ఉంటది. నన్ను తీసెయ్."

కామరాజు నలుగురినీ మార్చి మార్చి చూశాడు. పాతికేళ్లుగా ఆయన చూసిన ఆఫీసుల్లో తప్పు జరిగితే బల్ల కింద కూడా మనిషి దొరికేవాడు కాదు. ఇక్కడ వరస కడుతున్నారు.

"ఈ కట్టడంలో నిన్న తప్పు చెయ్యనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

"మీరే సార్," అన్నాడు లూకా. "సారీ."

కామరాజు పెన్ను తీసి నవ్వుకుంటూనే సంతకం పెట్టాడు.

ఆ తర్వాత జరిగింది అందరికీ కనపడుతూనే ఉంది. ఆర్నెల్లలో 'ఆరు గ్లాసులు' తొమ్మిది భాషల్లోకి వెళ్లింది. అన్ని భాషల్లోనూ లూకా తెలుగు గొంతే ఉంచి, కింద అనువాదం వేయాల్సి వచ్చింది. పేరున్న నటులతో చెప్పించి చూశారు. వాళ్లు సారీ అంటే చెప్పించుకున్నవాడే భయపడ్డాడు. నలభై లక్షల మంది ఆడారు. ఆటల కంపెనీలు పెద్ద పెద్ద సభలు పెట్టి, ఓడినవాడికి మర్యాద చెయ్యడమనే ఈ గొప్ప రహస్యం మీద ఉపన్యాసాలు ఇచ్చుకుంటున్నాయి. కల్పలత పాత కంపెనీ ఆ గేములోంచి నేర్చుకోవడానికి మనుషులను బోయిగూడ పంపింది. వాళ్లతో పాటు పాత మేనేజరు కూడా వచ్చి మెట్ల మీద జారాడు. ఎవరు సారీ చెప్పి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏటి మంచి గేముగా 'ఆరు గ్లాసులు'కు బహుమతి వచ్చిన రోజు ఆఫీసులో చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. మేబెల్ కూడా వచ్చింది. కల్పలత గ్లాసు కింద పెట్టి లేచి, లూకా కుర్చీ ముందుకు వెళ్లి నిలబడింది. రెండు చేతులూ ఏం చెయ్యాలో తెలియక వెనక్కి పెట్టుకుంది.

"లూకా గారూ. మిమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టినందుకు, ఆ రోజు ఫోన్‌లో మీరు చెప్తుంటే ఊరుకున్నందుకు," అని ఆగి, "సారీ," అంది.

లూకా నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. యాభై నాలుగేళ్లలో లక్షలసార్లు అన్న మాట మొదటిసారి ఎదురుగా వచ్చి నిలబడింది. కల్పలతను చూశాడు, మేబెల్‌ను చూశాడు. ఆమె చాయ్ తాగుతూ ఇటు చూడనట్టు నటించింది. చివరికి తిరుమల్ వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"దీనికి ఏం అనాలె?"

"పరవాలేదు అనాలె సార్."

"అట్లనా." లూకా లేచి నిలబడ్డాడు. చొక్కా సవరించుకున్నాడు. "పరవాలేదమ్మా," అన్నాడు నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు. ముఖమంతా నవ్వు పరుచుకుంది. వెంటనే ఏదో అనుమానం వచ్చింది.

"సరిగ్గానే అన్ననా? సారీ, మొదటిసారి."